వేడికి మందు

బయలుదేరే రోజు ఉదయం రాజరత్నానికీ మేరమ్మకూ సీసా దగ్గర మాట తేడా వచ్చింది. దారిలో తాగడానికి మేరమ్మ సుగంధి వేళ్ళతో కాచిన నన్నారి షర్బత్తును ఆయన ఒక బల్లపరుపు గాజు సీసాలో పోసి, తడిగుడ్డ చుట్టి, సైకిలు హ్యాండిలుకు వేలాడే సంచిలో దించాడు. పాత సామాన్లవాడి దగ్గర కొన్న బ్రాందీ సీసా అది. లేబులు గీకేసినా ఆకారం దాని పుట్టుక చెబుతూనే ఉంది.

"మూత చెంబు ఉండాది కదా. ఆ సీసా యాల?" అంది మేరమ్మ.

"చెంబు ఒరుగుతాది. ఇది సూడు, సంచికి కొలత తీసినట్టుండాది. గుడ్డ చుట్టినాక ఎవురికి కనపడతాది?"

"ఆదివారం నేను దేని గురించి మాట్లాడబోతాండానో గుర్తుండాదా మీకు?"

గుర్తుంది. అది మద్యనిషేధం వచ్చిన మరుసటి ఏటి వేసవి. మేరమ్మ మదనపల్లెలో తమ చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శి. కుప్పం చర్చివాళ్ళు తాగుడు మీద ప్రసంగించమని పిలిచారు. పరాయి ఊరి పిలుపు రావడం ఆమెకు అదే మొదటిసారి. ఆమెకున్న దిగులల్లా ఒకటే. ఇలాంటి సభలకు తాగనివాళ్ళే వస్తారు, వచ్చి తలలూపి వెళ్తారు. తాగేవాడు ఒక్కడైనా ఎదురుగా కూర్చుంటే బాగుండునని ఆమె చాలాసార్లు అనుకుంది.

సైకిళ్ళ ఆలోచన మాత్రం రాజరత్నానిది. ఆయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడెవరో వదిలిపోయిన పాత ఇంగ్లీషు పత్రికలో ఒక దొర, దొరసాని వేసవి సెలవుల్లో గుట్టల మీది ఊళ్ళ గుండా, ద్రాక్షతోటల మధ్య సైకిళ్ళు తొక్కుతూ, ఊరికో గ్లాసు ద్రాక్షారసం తాగుతూ తిరిగారట. మనకు గుట్టల్లేవా, ఊళ్ళు లేవా, కుప్పంలో మీ చెల్లెలికి ద్రాక్షతోట లేదా అని ఆయన వాదించాడు. గ్లాసు సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

పుంగనూరు చేరేసరికి రాజరత్నం వెనక చక్రంలో గాలి లేదు. మేరమ్మ ఎదురుగా ఉన్న వేపచెట్టు నీడకు పోయి ప్రసంగం కాగితం తీసి వల్లె వేసుకోసాగింది. సైకిలు షాపు మారప్ప ట్యూబు బయటికి లాగుతూ, సంచిలోని సీసాను గుడ్డ మీదుగానే పోల్చుకున్నాడు.

"అదేంది సార్?"

"వేడికి మందప్పా."

మారప్ప చేయి ఆగింది. "ఈ దినాల్లో యాడ దొరికింది సార్?"

"కొనేది కాదు. ఇంట్లోనే మా ఆమె కాస్తాది."

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ రాజరత్నానికి మందంటే రోగులకు ఇచ్చేదే. ఇంకో అర్థం ఆయన చెవిన పడినా లోపలికి పోలేదు. మారప్పకు మాత్రం తెలిసిందల్లా ఆ ఇంకో అర్థమే. పైగా ఆ ఏడాది ఇళ్ళలో కాచేది ఏమిటో అందరికీ తెలుసు. అతను టీ గ్లాసు కడిగి చేతికిచ్చాడు. రాజరత్నం సంతోషంగా పోశాడు.

"తియ్యగా ఉండాది సార్," అన్నాడు మారప్ప గొంతు తగ్గించి.

"అట్నే ఉంటాది. నిదానంగా పని చేస్తాది."

మారప్ప పంక్చరుకు డబ్బు తీసుకోలేదు. సైకిళ్ళు ఊరు దాటకముందే ఆ కబురు పలమనేరు బస్సు కండక్టరుకు చేరింది. బస్సు సైకిలు కన్నా ముందు పోతుంది కదా.

పలమనేరులో టీ కొట్టు ముందు మగవాళ్ళు గ్లాసులతో నిలబడి ఉన్నారు. మేరమ్మ బోరింగు దగ్గర ముఖం కడుక్కుంటూంది. ఇంతమందికి వేడి చేసిందా అని రాజరత్నం జాలిపడ్డాడు. ఉన్నది తలాకాస్త పోసి, వాడే పద్ధతి చెప్పాడు. పరగడుపున వద్దన్నాడు. పెద్దవాళ్ళకు రెండు మూతలు, పిల్లలకు ఒకటి చాలన్నాడు. పిల్లలకూ పొయ్యచ్చని వినగానే వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సీసా ఖాళీ అయ్యాక, ఇంకా కావాలంటే ఆదివారం కుప్పం చర్చికి రమ్మని, తన భార్య అందరికీ నాలుగు మంచి మాటలు కూడా చెబుతుందని పిలిచాడు. గుంపు చివర మఫ్టీలో ఉన్న ఎక్సైజ్ కానిస్టేబుల్ నరసింహులు ఆ పిలుపును తనక్కూడా వర్తింపజేసుకున్నాడు.

కుప్పంలో చెల్లెలు ఎవాంజెలిన్ ద్రాక్షతోటలో కాపు ఎప్పుడో అయిపోయింది. ఆకులు మాత్రం బాగున్నాయి. రాజరత్నం వాటినే కాసేపు చూసి, వెంట తెచ్చిన నన్నారి వేళ్ళు మేరమ్మకు ఇచ్చాడు. ఆమె మళ్ళీ కాచింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సభ. స్త్రీలకని వేసిన చాపలు చాలలేదు. వెనక సగం మగవాళ్ళే. పాస్టరు అయ్యగారు దేవునికి స్తోత్రం చెప్పారు. మేరమ్మ కోరుకున్నవాళ్ళు వచ్చారు, అదీ ఇంతమంది. కాగితం విప్పి, తాగుడు కొంపలు కూలుస్తుందని మొదటి వాక్యం చదివింది.

వెనక నుంచి ఎవరో మర్యాదగా అడిగారు. "అమ్మా, మాట్లాడినాక పోస్తారా, ముందే పోస్తారా?"

తువ్వాళ్ళ కింది నుంచి గ్లాసులు బయటికి వచ్చాయి. నరసింహులు లేచి తను ఎక్సైజ్ మనిషినని చెప్పుకున్నాడు. "కాచేది మీరేనామ్మా?"

రాజరత్నం గర్వంగా లేచాడు. "మా ఆమే సార్. నిన్ననే కాచింది, ఇదో." సంచిలో నుంచి సీసా తీశాడు. తడిగుడ్డ జారి కింద పడింది.

అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. మేరమ్మ సీసాను చూసింది, మొగుడిని చూసింది, గ్లాసులను చూసింది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరుకుని, జరిగిందేమిటో తెలుసుకుంది. గొంతు పెంచలేదు. ఒక గ్లాసు తీసుకుని పోసి నరసింహులు చేతికిచ్చింది.

"తాగి చెప్పప్పా."

అతను వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. నమ్మకం కుదరక ఇంకో గుక్క తాగాడు. "నన్నారి," అన్నాడు.

వెనక మారప్ప లేచాడు. కండక్టరు చెప్పగా పుంగనూరు నుంచి తొలి బస్సుకే వచ్చాడు పాపం. "నన్నారేందమ్మా? ఆ పొద్దు నేను తూలుకుంటా ఇంటికి పోయినా గదా. నా పెండ్లాం అక్కమ్మ చీపురు తిరగేసింది."

మేరమ్మ కాగితం మడిచేసింది.

"నన్నారికే తూలేవాడివి, నీకు సారాయి యాలప్పా?"

ముందు ఆడవాళ్ళు నవ్వారు, తర్వాత మగవాళ్ళు, చివరికి మారప్ప కూడా. ఆ పైన ఆమె ఇంటి మాటలే మాట్లాడింది, చీపురు తిరగేసే చేతుల గురించి, తిరగేయడానికి ఓపిక మిగలని చేతుల గురించి. ఒక్కరూ లేచి పోలేదు. గుమ్మంలో నరసింహులు రెండో గ్లాసుతో నిలబడి ఉండటం కూడా అందుకు కొంత కారణం కావచ్చు.

మధ్యాహ్నం ఎవాంజెలిన్ ఇంట్లో అందరూ సంగటి, కోడిపులుసు ముందు కూర్చున్నారు. సైకిళ్ళు బస్సు టాపు మీద వేసుకుని ఇంటికి పోదామని రాజరత్నం అనబోతున్నాడు. మేరమ్మ ముందే అందుకుంది.

"పలమనేరు వాళ్ళు, పుంగనూరు వాళ్ళు పిలిచినారు. పొయ్యేటప్పుడు రెండు చోట్లా మాట్లాడతాండాను. సైకిళ్ళలోనే పోదాం. మనకన్నా ముందు కబురు పోవాల గదా."

"అట్లయితే ఈసారి మూత చెంబు తీసుకుందాం," అన్నాడు రాజరత్నం నెమ్మదిగా.

"వద్దు. ఆ సీసానే. గుడ్డ కూడా చుట్టొద్దు."

రాజరత్నం చేయి కడుక్కుని, రెండు మోకాళ్ళూ పట్టుకుని, పూసుకోవడానికేమైనా ఉంటే ఇమ్మని మరదలిని అడిగాడు. మందు అనే మాట మాత్రం వాడలేదు.