బూజుకు బొట్టు

ఒక పెద్ద అడవిలో అడవికన్నా పెద్ద ఆఫీసొకటి ఉండేది. అందులో పోతురాజనే అడవిపందిది బూజు తినే ఉద్యోగం. తాతల నాటి కొలువు. వాసన తగిలితే చాలు, వెళ్ళి గుటుక్కున మింగి, మూతి తుడుచుకుని వచ్చేవాడు. దరఖాస్తు లేదు, దస్త్రం లేదు.

పని ఇంత సులువుగా అయిపోతుంటే ఇక ఆఫీసెందుకని కార్యదర్శి నక్క నాగలింగానికి బెంగ పట్టుకుంది. ఓసారి ఊళ్ళో ఆసుపత్రి కిటికీ కింద నక్కి డాక్టరు పాఠం విన్నాడు. ఒంట్లోకి బూజుజాతి చొరబడితే యాంటీబాడీలు దానికి గుర్తు పెడతాయట. ఆ గుర్తు చూసి తెల్లకణాలు తినేస్తాయట. "అసలు గుర్తు లేకపోయినా తెల్లకణాలు..." అని డాక్టరు అంటుండగానే కుక్క మొరిగింది. నాగలింగం సగం పాఠంతో లగెత్తుకొచ్చాడు.

మర్నాడే ఉత్తర్వు వేశాడు. బొట్టు లేనిదాన్ని తినరాదు, బొట్టున్నదాన్ని వదలరాదు. బొట్టు పెట్టే పని వడ్రంగిపిట్ట వరాలమ్మది. శత్రువు ఆకారం చూసి, దానికి తగ్గ కుంకుమ నూరడానికి పద్నాలుగు రోజులు గడువు.

అంతలో ఇప్పచెట్టు మొదట్లో గోరంత బూజు పుట్టింది. ఆ పక్క గుంటలోనే పోతురాజు పెళ్ళాం పెంటమ్మ ఏడు పిల్లల్ని ఈని పడుకుంది. పోతురాజు ఆఫీసులో నాగలింగం దగ్గరికి పరుగెత్తాడు.

"ఒక్క గుక్కండీ అయ్యగారూ! మింగేసి వస్తాను."

"బొట్టుందా?"

"లేదండి."

"మరి అది శత్రువని నీకెవరు చెప్పారోయ్?"

"నా ముక్కండి."

"నీ ముక్కుకి అధికారం లేదు, పో!"

పదిరోజులకి బూజు గుంటలోకి దిగింది. "ఏమయ్యా, చిన్నదాని వీపంతా బూజు పట్టేసింది. దగ్గి దగ్గి పాలు కూడా తాగట్లేదు. నువ్వు తింటావా, నన్ను తినమంటావా?" అని పెంటమ్మ నిలదీసింది.

"ఉద్యోగం ఊడుతుందే!" అన్నాడు పోతురాజు. పిల్లదాని వీపుదాకా మూతి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఎదురుగా అంత బూజుంటే ఆకలి కూడా వేసింది పాపం.

పద్నాలుగో రోజున వరాలమ్మ భరిణె పట్టుకుని వచ్చి, గుండ్రంగా ఉన్న బూజుపెద్దకి బొట్టు పెట్టింది. బూజుపెద్ద మురిసిపోయింది.

"ఎంత మర్యాదస్తులమ్మా! ఎక్కడికెళ్ళినా మమ్మల్ని ఛీ అన్నవాళ్ళే. బొట్టు పెట్టి మరీ పిలిచింది మీరే. ఇంత చక్కగా పేరంటానికి పిలిచాక చుట్టాల్ని తీసుకురాకపోతే బాగుంటుందా?" అని కబురు పెట్టేసింది.

పోతురాజు దాన్నొక్కదాన్నీ మింగేలోపు వాగుగట్టు నుంచీ పుచ్చిన మోడుల నుంచీ చుట్టాలు బిలబిలమంటూ దిగి, చెట్టు మొదలునీ పిల్లదాని వీపునీ కప్పేశారు. అందరూ దారాల్లా పొడుగ్గా ఉన్నారు.

"నుదురెక్కడమ్మా మీకు?" అంది వరాలమ్మ.

"మాకు నుదురూ నడుమూ ఉండవు వదినా, అంతా పొడుగే!"

తనిఖీకి వచ్చిన నాగలింగం గొంతు సవరించుకున్నాడు. "గుండ్రటివాళ్ళ బొట్టు పొడుగువాళ్ళకి చెల్లదు. మళ్ళీ పద్నాలుగు రోజులు."

పెంటమ్మకి ఒళ్ళు మండింది. "పద్నాలుగు రోజులా? నా పిల్ల రేపటిదాకా ఉంటుందా? బొట్టేగా నీకు కావాల్సింది, తీసుకో!" అంటూ మూతితో భరిణెని ఎగరేసింది. అది వెళ్ళి నాగలింగం నెత్తిన బోర్లా పడింది. నుదుటి నుంచి తోకదాకా కుంకుమే.

పోతురాజు అతన్ని ఎగాదిగా చూశాడు. జన్మలో మొదటిసారి ఉత్తర్వు నచ్చింది. "క్షమించాలి అయ్యగారూ, మీకు బొట్టుంది."

"ఒరేయ్, నేను కార్యదర్శినిరా!"

"నా ముక్కూ అదే చెబుతోందండి. కానీ దానికి అధికారం లేదు కదండీ!"

నాగలింగం వెనక్కి గెంతాడు. కుంకుమ వదిలించుకోవాలని బూజులో పడి ఇటు పొర్లాడు, అటు పొర్లాడు, గుంటలో దూరి మరీ పొర్లాడు. కుంకుమంతా బూజుకి అంటింది. చెట్టు మొదలూ పిల్లదాని వీపూ ఎర్రబడ్డాయి.

"ఓరి నాయనో, అందరికీ బొట్టు పడిపోయింది!" అని వరాలమ్మ అరిచింది.

పోతురాజు బూజులోకి మూతి దించాడు. సాయంత్రానికి చెట్టు మొదలు తేటపడింది. పిల్లదాని వీపు మీది బూజుని మాత్రం నాలుకతో మెల్లగా తీశాడు. అది ఓసారి దగ్గి, పాలకి ఎగబడింది. నక్క తోకలో సగం కూడా పోయింది, అక్కడా బొట్టుంది మరి.

మర్నాడు నాగలింగం మిగిలిన తోక మీద కూర్చుని, బొట్టు పథకం ఘనవిజయమని నివేదిక రాశాడు.

నీతి: శత్రువుకి బొట్టు పెట్టడం ఆలస్యమైతే, పెట్టమన్నవాణ్ణి శత్రువులో పొర్లించాలి.