మిషను దగ్గర పుట్టిన సంఘం

ఏ సంఘమైనా పుట్టడానికి ఇద్దరో ముగ్గురో చాలు. పుట్టిందని నిరూపించడానికి మాత్రం కమిటీ కావాలి. ఈ సత్యాన్ని మా చర్చి సంఘం యాభయ్యేళ్లు ఆలస్యంగా గుర్తించింది. గుర్తించాక మాత్రం ఒక్క ఆదివారం కూడా వృథా చేయలేదు.

అప్పటికే మాకు కార్లు నిలిపే కమిటీ, కుర్చీల కమిటీ, మైకు కమిటీ, మైకు మీద వచ్చే ఫిర్యాదులు వినే కమిటీ (దీనికి మైకు ఇవ్వలేదు) ఉండేవి. గుమ్మం దగ్గర స్వాగత కమిటీ భుజాన పట్టీలు వేసుకుని, వచ్చినవాళ్లనల్లా "మీరు కొత్తా అండీ?" అని ప్రేమగా అడిగేది. మూడో వరుసలో కూర్చునే ఒక ముసలావిడను ప్రతివారం అడిగేది. "కాదమ్మా, పాతే" అనేది ఆవిడ. పాతవాళ్లకు స్వాగతం చెప్పే అధికారం తమకు లేదు కనుక, పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు.

స్వర్ణోత్సవం దగ్గర పడటంతో చరిత్ర కమిటీ ఏర్పడింది. చైర్మన్‌గా రిటైరైన బ్యాంకు మేనేజరుగారిని ఎన్నుకున్నారు. ఆధారం చూపించనిదే సొంత మేనల్లుణ్ణి కూడా మేనల్లుడని ఒప్పుకోని మనిషి. ఆయన సంఘంలో పెద్దవాళ్లను పిలిచి విచారిస్తే, అందరూ తమ అమ్మానాన్నలు చెప్పగా విన్న మాట ఒక్కటే చెప్పారు: "మన సంఘం మిషను దగ్గర మొదలైందట."

ఏ మిషను? కమిటీ మూడు సమావేశాలు ఆలోచించి, విదేశీ మిషనే అయి ఉంటుందని తేల్చింది. మిషను ఉంటే మిషనరీ ఉండాలి. మిషనరీ ఉంటే గడ్డం ఉండాలి. దుకాణాల బోర్డులు రాసే పెయింటరును పిలిచి దొరగారి నిలువెత్తు బొమ్మ వేయమన్నారు. గడ్డం ఎంతవరకు అని అతను అడిగితే చేతులెత్తించి ఓటు పెట్టారు. గుండెల దాకా అని నెగ్గింది. (బొడ్డు దాకా అన్నవాళ్లు కొన్నాళ్లు అలిగి వెనక వరుసల్లో కూర్చున్నారు.)

బొమ్మ సంగతి తెలిసి, మూడో వరుస ముసలావిడ కమిటీ గదికి వచ్చింది. బట్టలు కుట్టి బతికిన మనిషి. వీధిలో అందరూ మిషనమ్మ అనేవారు.

"అయ్యా, మీరు వెతికే మిషను మా ఇంట్లోనే ఉంది. కుట్టుమిషను."

చైర్మన్‌గారు కళ్లజోడు సవరించుకున్నారు. "కూర్చోండమ్మా. వివరంగా చెప్పండి."

ఆవిడ చెప్పింది. ఒకనాటి సాయంత్రం పాలు పోసే ఆమె చిరిగిన జాకెట్టు పట్టుకుని వచ్చింది. చంకలో పిల్లకు ఒళ్లు కాలిపోతోంది. మిషను ఆపి, ఇద్దరూ అక్కడే మోకరించి ప్రార్థన చేశారు. తెల్లారేసరికి జ్వరం దిగింది. (ప్రార్థనకు దిగిందా, మాత్రకు దిగిందా అని విచారించడానికి అప్పట్లో కమిటీ లేదు.) ఆ ఆదివారం పాలామె మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. ముందుగది చాలేది కాదు. మిషనమ్మ భర్త మార్కెట్లో మూటలు మోసేవాడు. వారం వారం మంచం బయటికి మోసి, మిషను మూలకు జరిపి, తనకు పాట రాదని గడప బయట కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాసేవాడు. తర్వాత మొదటి షెడ్డుకు ఇసుక మోసిందీ అతనే.

"మంచి విషయం చెప్పారు. సాక్షులున్నారా?" అన్నారు చైర్మన్‌గారు.

"పాలామె పోయింది. మా ఆయనా పోయాడు."

"పోనీ, ఆ రోజు తీర్మానం ఏమైనా చేశారా?"

"జ్వరం తగ్గాలని చేశాంగా!"

"అది ప్రార్థనమ్మా. తీర్మానం వేరు."

ఆవిడ భావాలను కమిటీ గౌరవిస్తుందని చెప్పి, లేచి నిలబడి మరీ సాగనంపారు.

"పోనిద్దురూ అత్తయ్యా, ఎవరు మొదలెడితే ఏంటి?" అంది ఇంట్లో కోడలు.

"నా ఊసు లేకపోతే పాయె. ఆయన అంత మంచం మోశాడే, ఆ ముక్కైనా రాయొచ్చుగా!"

ఉత్సవం ముంచుకొచ్చాక కమిటీకి కొత్త చిక్కు వచ్చింది. దొరగారిని కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. ఆ కాలం మనిషి మిషనమ్మ ఒక్కతే మిగిలింది. చైర్మన్‌గారు కుర్ర పాస్టరుగారిని తీసుకుని వాళ్లింటికి వెళ్లారు.

"బాగా గుర్తు తెచ్చుకోండమ్మా. దొరగారిని మీరు చూసే ఉంటారు" అని బతిమాలారు.

మిషనమ్మ చక్రం మీద చెయ్యి ఆనించి మిషను ఆపింది. ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"చూశాను. కోటుకు కొలతలిచ్చి పోయాడు. తీసుకోడానికి మళ్లీ రాలేదు."

లోపలిగదిలో కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. చైర్మన్‌గారికి మాత్రం కళ్లు చెమర్చాయి. పాస్టరుగారు ఆ ఆదివారమే 'తీసుకోని కోటు' అని గంటన్నర ప్రసంగించారు. అనేకులు కదిలిపోయారు. ఇద్దరు పాతకాపులు చిన్నప్పుడు ఆ కోటు మిషనమ్మ ఇంట్లో చూసిన జ్ఞాపకం ఉందని సాక్ష్యం కూడా చెప్పారు.

ఆ కోటును గాజుపెట్టెలో పెట్టాలని కమిటీ నిర్ణయించింది. అసలు కుట్టనే లేదని మిషనమ్మ చెప్పింది.

"అయితే ఇప్పుడు కుట్టండి. కొలతలు గుర్తున్నాయా?"

ఆవిడ మూలనున్న మంచం వైపు చూసింది.

"ఉన్నాయి" అంది.

నల్లటి గుడ్డ కమిటీయే పంపింది. టేపు తీయకుండానే మిషనమ్మ గీతలు గీసింది, కత్తిరించింది. మంచం మోసిన ఆ మనిషి బతికుండగా కోటు తొడిగిన పాపాన పోలేదు. పెళ్లికి వేసుకున్న చొక్కా కూడా ఎరువు తెచ్చుకున్నదే.

"అత్తయ్యా, ఈ ఎడమ భుజం కిందికి పోయిందేంటి?"

"అదంతే. మూటలు మోసి మోసి వాలిపోయింది."

కోడలు మరి నవ్వలేదు. సూదిలోకి దారం ఎక్కించి అందించింది.

ఉత్సవం ఘనంగా జరిగింది. దొరగారి బొమ్మ కింద గాజుపెట్టె, అందులో కోటు. ఆ భుజం అలా ఎందుకు వాలిందో చైర్మన్‌గారు సభకు వివరించారు: సముద్రాల మీదుగా అంత బరువైన బైబిలును ఒక్క భుజానే మోసుకొచ్చారు కాబట్టి. సభ చప్పట్లు కొట్టింది. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది మిషనమ్మ.

ఇప్పుడు ఆరాధన అయ్యాక ఆవిడ ఆ పెట్టె ముందు కాసేపు ఒంటరిగా నిలబడుతుంది. అద్దం మీది దుమ్ము కొంగుతో తుడుస్తుంది. తాకరాదని బోర్డు ఉంది కానీ, వయసును బట్టి ఎవరూ అభ్యంతరం చెప్పడం లేదు.

చరిత్ర గ్రంథం కూడా వెలువడింది. దొరగారి కుటుంబం గురించి ఎంత గాలించినా ఆధారం దొరకనందున, ఆయన కడదాకా పెళ్లి చేసుకోలేదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.