నలభై రోజుల దిండు

శాన్ ఎలియాస్ పట్టణ మేయర్ పొలికార్పో సుమగైసై గారు సోమవారం ఉదయం టౌన్‌హాల్ ముందు జెండా వందనం కాగానే ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు. మర్నాటి నుంచి నలభై రోజుల పాటు గర్భస్రావానికి వ్యతిరేకంగా పట్టణమంతా ప్రార్థన చేస్తుంది. ఉద్యమం పేరు 'బిడ్డే భాగ్యం'. రోజూ సాయంత్రం నాలుగింటికి ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాజాలో జపమాల, ప్రసంగం, ఆ తర్వాత పాన్సిట్ నూడుల్స్. ఉద్యోగులకు హాజరు తప్పనిసరి, భక్తి ఐచ్ఛికం.

ఫిలిప్పీన్స్‌లో గర్భస్రావాన్ని చట్టం ఎప్పుడో నిషేధించింది. శాన్ ఎలియాస్‌లో దాన్ని సమర్థిస్తూ నోరెత్తినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ లేరు. ఎదుటివాడు లేని యుద్ధంలోకి దిగడానికి ఎంత గుండె ధైర్యం కావాలో రాజకీయం తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. మధ్యాహ్నానికల్లా వీధివీధినా టార్పాలిన్ బ్యానర్లు లేచాయి. మేయర్ గారి ముఖం సగం, వారి శ్రీమతి ముఖం పావు, మిగిలిన పావులో మరియమాతా ఒక బిడ్డా సర్దుకున్నారు.

హాజరు పట్టీ రాసే పని గ్లెండా మగ్బనువాకి పడింది. ఆమె టౌన్‌హాల్లో కాంట్రాక్టు గుమస్తా. కాంట్రాక్టు ఆరు నెలలకోసారి కొత్తది రాస్తారు, ఈసారిది జూన్ ముప్పైతో సరి. కొత్తదానికి పెట్టుకునే దరఖాస్తులో ఏడో అంశం 'నేను గర్భవతిని కాను' అని ఉంటుంది, దాని పక్కన ఆడవాళ్ళు సంతకం చెయ్యాలి. ఇందులో దురుద్దేశమేమీ లేదు. కాంట్రాక్టు వాళ్ళకి ప్రసూతి సెలవు లేదు. లేని సెలవు అడిగి పాపం వాళ్ళు చిన్నబుచ్చుకోకూడదని మేయర్ గారి నాన్నగారు, అప్పటి మేయర్, ఆ అంశాన్ని చేర్పించారు.

గ్లెండాకి ఐదో నెల. పెళ్ళయిన ఏడేళ్ళకి నిలిచిన కడుపు. రోజుకి పదిసార్లు సంతోషపడుతోంది, ఇరవైసార్లు భయపడుతోంది.

"చెప్పేస్తే పోలా?" అన్నాడు మొగుడు డోమింగ్, తను కిరాయికి తిప్పే ట్రైసికిల్ బండి చక్రానికి గాలి కొడుతూ. "పట్నమంతా బిడ్డ కోసమే ప్రార్థన చేస్తోందిగా."

"ఆ బిడ్డ వేరు, ఈ బిడ్డ వేరు. నాలుగేళ్ళు నోరుమూసుకుని చేశా. నెలన్నరలో ఊడగొట్టుకోమంటావా? నీ బండి వారంలో మూడు రోజులు షెడ్డులోనే ఉంటుంది. నువ్వు మాట్లాడకు."

డోమింగ్ మళ్ళీ గాలి కొట్టడంలో పడ్డాడు.

ఉద్యమం ఆమెకు వెంటనే ఒక మేలు చేసింది. ఉద్యోగులకు పంచిన తెల్ల టీషర్టులన్నీ ఒకే సైజు, అందులో ఇద్దరు పడతారు. ఆమె దాన్ని ఇక ఒంటిమీంచి దించలేదు. మధ్యాహ్నం టాయిలెట్లోకి వెళ్ళి తలుపేసుకుని పచ్చి మామిడికాయ రొయ్యల ముద్దలో అద్దుకుని తినేది. ఒకరోజు బయటికొస్తే చేతులు కడుక్కునే చోట ట్రెజరీ విభాగం లొడెలిన్, భూముల విభాగం ఆర్సెలీ కూడా అదే తింటూ కనిపించారు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడుకుని వెళ్ళిపోయారు.

మొదటి రోజు సభలో చిన్న పొరపాటు జరిగింది. మాతృత్వానికి సజీవ సాక్ష్యంగా శివారు పేట నుంచి ఒక నిండు గర్భిణిని తెచ్చి వేదికెక్కించారు. మైకిస్తే ఆవిడ, "అయ్యా మేయర్ గారూ, మా పేట ప్రసవాల కేంద్రంలో మంత్రసాని లేక పద్నాలుగు నెలలైంది, ఎప్పుడు వేస్తారు?" అని అడిగింది. మైకు వెంటనే పాడైంది.

"బయటివాళ్ళు వద్దు," అన్నారు మేయర్ గారు. "మనవాళ్ళలోంచి ఒకమ్మాయిని చూడండి. క్రమశిక్షణ తెలిసిన గర్భిణి కావాలి."

ఆ బాధ్యత పాలనాధికారి అటార్నీ పాలొమో మీద పడింది. పదకొండు విభాగాలకూ మెమో పంపారు. పదకొండు జవాబులూ సాయంత్రానికే వచ్చాయి. అన్నింటిలోనూ 'లేరు' అనే ఉంది.

"అరవై మూడు మంది ఆడవాళ్ళున్నారు ఈ బిల్డింగులో," అన్నారు అటార్నీ తల పట్టుకుని. "ఒక్కరికి కూడా దేవుడు ఇవ్వలేదా?"

గ్లెండా హాజరు పట్టీని పొట్టకు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"దిండు కడదాం సార్," అన్నారు పర్యాటక విభాగం చరీతో మేడమ్. ఏటా ఊరి పండక్కి అందాల రాణుల్ని తయారుచేసేది ఆవిడే. "ఇదిగో, ఈ పిల్ల మొహం గుండ్రంగా ఉంది. సరిపోతుంది."

కాదంటే ఎందుకని అడుగుతారు. గ్లెండా టాయిలెట్లోకెళ్ళి తన కడుపు మీద తనే దిండు కట్టుకుని వచ్చింది. చరీతో మేడమ్ కారిడార్లో ఆమెను మూడుసార్లు నడిపించారు.

"ఏంటమ్మా ఆ నడక? కడుపుతో ఉన్నవాళ్ళు అలా నడుస్తారా? చెయ్యి నడుము మీద పెట్టు. ఆయాసపడు. నీకు అనుభవం లేదని తెలిసిపోతోంది."

"నేర్చుకుంటాను మేడమ్," అంది గ్లెండా.

నేర్చుకుంది. సాయంత్రం వేదిక మీద మేయర్ గారు ఆమె తలపై చెయ్యి పెట్టి కళ్ళొత్తుకున్నారు, జనం కూడా ఒత్తుకున్నారు. వారం తిరక్కుండా టార్పాలిన్లలో మరియమాత పక్కన గ్లెండా వెలిసింది. బిడ్డను తీసేశారు.

చిక్కు సిబ్బంది విభాగం కిటికీ దగ్గర వచ్చింది. ఆ కిటికీకి ఎదురుగానే గ్లెండా టార్పాలిన్ కట్టారు. కిటికీ లోపల కూర్చునే పూరింగ్ మేడమ్ గ్లెండా ఇచ్చిన కాంట్రాక్టు దరఖాస్తు చూశారు, టార్పాలిన్ చూశారు, మళ్ళీ దరఖాస్తు చూశారు.

"ఏడో అంశం మీద సంతకం పెట్టావ్. అక్కడేమో కడుపుతో ఉన్నావ్. రేపు ఆడిట్ వాళ్ళడిగితే నేనేం చెప్పను?"

"అది దిండు మేడమ్."

"దిండని కాగితమేదీ?"

గ్లెండా పరుగున అటార్నీ దగ్గరికి వెళ్ళింది. ఆయన న్యాయం తెలిసినవారు, అక్కడికక్కడే డిక్టేట్ చేశారు: 'ప్లాజా వేదికపై శ్రీమతి గ్లెండా మగ్బనువా ధరించిన గర్భం ఉద్యమ అవసరాల నిమిత్తం టౌన్‌హాల్ సమకూర్చినదనీ, ఆమె సొంతది కాదనీ ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది.' కింద మేయర్ గారి సంతకం, గుండ్రటి ముద్ర.

"ఇది ఎప్పటిదాకా చెల్లుతుంది మేడమ్?" అంది గ్లెండా, కాగితం కిటికీలోంచి ఇస్తూ.

"డిసెంబరు ముప్పై ఒకటి దాకా. కాంట్రాక్టుతో పాటే." పూరింగ్ మేడమ్ ఒకసారి కళ్ళద్దాల మీంచి చూశారు. "ఆఫీసుకి కూడా కట్టుకునే వస్తున్నావా?"

"అలవాటు పోకూడదని."

"మంచిది. కూర్చుని పని చేసుకో. బరువులెత్తకు. దిండుకి మంచిది కాదు."

కబురు భోజనాల వేళకే టాయిలెట్లోకి చేరింది. "అక్కా, దిండు నాకూ ఒకటి ఇప్పించవా? నా సంతకం కూడా ముప్పయ్యో తారీఖునే," అంది లొడెలిన్. ఆర్సెలీ ఏమీ అడగలేదు, ఏడ్చేసింది. గ్లెండా వాళ్ళిద్దరినీ అటార్నీ దగ్గరికి తీసుకెళ్ళింది. మర్నాడు మరో నలుగురు వచ్చారు. స్వచ్ఛందంగా గర్భం ధరిస్తామంటూ ఉద్యోగినులు క్యూ కట్టడం చూసి మేయర్ గారు పులకించిపోయారు. ఇంతటి స్పందన తన నాన్నగారి హయాంలో కూడా లేదన్నారు.

రోజులు గడిచేకొద్దీ గ్లెండా రాత్రి పూట దిండు విప్పి దూది కొంచెం కొంచెం తీసేస్తూ వచ్చింది. నలభయ్యో రోజుకి నడుముకి కట్టుకున్నది ఒట్టి గలీబు.

ఆ రోజు ఊరి చర్చి విచారణ గురువు ఫాదర్ ఎలిజియో గారు దీవించడానికి వచ్చారు. ఏడుగురు తల్లులు వరసగా నిలబడ్డారు. ఇవి దిండ్లేనని ఫాదర్ చెవిలో ముందే వేశారు. ఆయన ప్రార్థన చదువుతూ గ్లెండా కడుపు మీద చెయ్యి ఆనించారు. లోపలి నుంచి బిడ్డ తన్నింది.

ఫాదర్ ప్రార్థన ఆగిపోయింది. గ్లెండా ఆయన కళ్ళలోకి చూసింది. ఈయన ఒక్క మాటంటే చాలు, అంతా అయిపోతుంది.

"ఎన్నో నెలమ్మా?" అన్నారు పెదవులు కదలకుండా.

"ఏడో నెల వస్తోంది ఫాదర్. ఎల్లుండి కాంట్రాక్టు."

చర్చి బడి టీచర్ల కాంట్రాక్టులు ఫాదరే చూస్తారు. అందులో 'నేను గర్భవతిని కాను' అన్నది తొమ్మిదో అంశం. ఆయన రెండో ఆమె దగ్గరికి కదిలారు, తర్వాత మూడో ఆమె దగ్గరికి. చెయ్యి ఆనించడం మానేసి గాల్లోనే దీవించుకుంటూ పోయారు.

"ఎలా ఉన్నాయి ఫాదర్?" అన్నారు మేయర్ గారు ఆత్రంగా.

"బాగా కుట్టారు," అన్నారు ఫాదర్.

ముప్పయ్యో తారీఖున ఏడు కాంట్రాక్టుల మీదా సంతకాలయ్యాయి. గ్లెండా కిటికీ దగ్గరే నిలబడి ఏడ్చింది. పూరింగ్ మేడమ్ చూడనట్టు ఫైళ్ళు సర్దుకున్నారు. ప్రావిన్సులో ఉత్తమ ప్రార్థనోద్యమానికి గవర్నర్ గారు షీల్డు ఇస్తున్నారనీ, నివేదిక సాయంత్రంలోగా వెళ్ళాలనీ అటార్నీ గ్లెండాను పిలిపించారు. ఆయన నిలబడి చెబుతుంటే ఆమె కూర్చుని టైపు చేసింది.

"ఉద్యమ కాలంలో పట్టణంలో గర్భస్రావాలు. లేవు. కొట్టు."

కొట్టింది.

"కాంట్రాక్టు మహిళల్లో గర్భిణులు."

బిడ్డ గట్టిగా తన్నింది. గ్లెండా ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని, నొప్పి తగ్గేదాకా ఆగి, రెండో చేత్తో 'లేరు' అని కొట్టింది.