మూడు రాళ్ళ వాగు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ తోకల్ని బట్టి రెండు పార్టీలయ్యాయి. తోక పైకెత్తి నడిచేవాళ్ళది ఒకటి, దించి నడిచేవాళ్ళది ఒకటి. ఎందుకు విడిపోయారో ఎవరికీ గుర్తులేదు. తోకే లేని కప్పని మాత్రం రెండు పార్టీలూ అనుమానంగా చూసేవి.

ఆ అడవిలో ఒక వాగు. వాగులో ఒక రాయి, రాయి మీద పది గీతలు. రోజూ పొద్దున్నే తాబేలు వెళ్ళి, నీళ్ళు ఎన్నో గీత దాకా వచ్చాయో చూసి గట్టిగా అరిచి చెప్పేది. ఐదు దాటితే ఒడ్డున సభలు పెట్టకూడదు. ఎనిమిది దాటితే అందరూ గుట్ట ఎక్కాలి. ఎప్పటినుంచో అదే రూలు, అదే తాబేలు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. పైతోక పార్టీ లీడరు అడవిపంది ఒడ్డున పెద్ద సభ పెట్టింది. సరిగ్గా ఆ రోజే తాబేలు "ఆరు!" అంది. సభ క్యాన్సిల్.

"ముసలోడు నక్కకి అమ్ముడుపోయాడు!" అని అడవిపంది అడవంతా తిరిగి చెప్పింది.

వారం తర్వాత కిందితోక పార్టీ లీడరు నక్క సభ. మళ్ళీ "ఆరు!"

"చూశారా! పంది పెట్టిన దుంపలు తిని మాట్లాడుతున్నాడు!" అంది నక్క.

అంతే, ఎవరి రాయి వాళ్ళు తెచ్చుకున్నారు. అడవిపంది రాయి ఎప్పుడు చూసినా రెండే చూపించేది, నీళ్ళు పెరిగినప్పుడల్లా పంది దాన్ని ఇంకొంచెం ఒడ్డు పైకి దొర్లించేది కదా. నక్క రాయి ఇంకా తెలివైంది. సొంత సభ రోజు ఒకటి, పంది సభ రోజు తొమ్మిది.

ఈ గోలంతటికీ మధ్యలో ఒడ్డున బొరియలో ఒక కుందేలు ఉండేది. నలుగురు పిల్లలు, ఇంకా కళ్ళు కూడా తెరవలేదు. గుట్ట మీదికి మారుద్దామంటే అక్కడ గద్దల భయం. ఊరికే మార్చనూ లేదు, మార్చకుండా ఉండనూ లేదు.

"అన్నా, నీళ్ళు ఎంత దాకా వచ్చాయి?" అని అడవిపందిని అడిగింది.

"రెండే చెల్లెమ్మా! గుట్ట ఎక్కమనేవాళ్ళంతా నక్క బ్యాచ్."

నక్కని అడిగితే "ఒకటే! అయినా ఆ పందితో నీకేం మాటలు?" అంది.

చివరికి తాబేలు దగ్గరికెళ్ళింది.

"ఏడమ్మా," అంది తాబేలు.

"నువ్వు అమ్ముడుపోయావంట కదా తాతా?"

"రెండు పార్టీలకీ అంట తల్లీ. ఒక్క దుంప కూడా ఇంకా అందలేదు."

కుందేలుకి ఎవర్ని నమ్మాలో తెలీలేదు. మర్నాడు తెల్లారుతుండగా బొరియ బయట అడుగుల చప్పుడు వినపడింది. తల బయటపెట్టి చూస్తే, నక్క నక్కి నక్కి పాత రాయి పక్కనున్న తాబేలు దగ్గరికొస్తోంది.

"తాతా, మన మధ్యే ఉండనీ. నిజంగా ఎంత?"

"ఎనిమిది దాటింది. మధ్యాహ్నానికి వాగు పొంగుద్ది. గుట్ట ఎక్కు."

నక్క తలూపి వెళ్ళిపోతూ గొణిగింది. "మమ్మల్ని గుట్టెక్కించి, ఒడ్డంతా పందికిద్దామని! అమ్ముడుపోయినోడి మాట నమ్ముతానా?"

కాసేపటికి పొద దాటుకుని అడవిపంది. అదే ప్రశ్న, అదే జవాబు. వెనక్కి తిరిగి, "నక్క దుంపలు!" అనుకుంటూ పోయింది. నక్క దుంపలు తినదన్న సంగతి కూడా మర్చిపోయింది.

కుందేలు ఇంకెవర్నీ అడగలేదు. ఒక్కో పిల్లనీ నోట కరుచుకుని నాలుగు సార్లు గుట్ట ఎక్కింది. నాలుగోదాన్ని ముళ్ళపొద కింద దాచేసరికి కింద వాగు హోరెత్తింది.

మధ్యాహ్నానికి మూడు రాళ్ళూ మునిగాయి. అడవిపంది, నక్క ఒకే దుంగ పట్టుకుని, నీళ్ళు కక్కుకుంటూ గుట్ట చేరాయి. తోకలు రెండూ వేలాడుతున్నాయి, ఏది ఏ పార్టీదో తెలీడం లేదు.

ముళ్ళపొద కింద పొడిగా ఉన్న కుందేలుని చూసి నక్క కళ్ళు చికిలించింది. "నీకు ముందే ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు?"

"మీరిద్దరే," అంది కుందేలు. "పగలంతా తిట్టినోడి దగ్గరికి పొద్దున్నే చాటుగా వచ్చి అడిగారంటే, నిజం చెప్పేది అతనొక్కడే అని తెలిసిపోయింది."

నక్క, అడవిపంది మొహమొహాలు చూసుకున్నాయి. ఎన్నికలు మొదలయ్యాక మొట్టమొదటిసారి ఇద్దరిదీ ఒకే మాట. అప్పటికప్పుడే తీర్మానం చేశారు: వరద ముందే తెలిసిందంటే, దాన్ని తెప్పించింది కూడా తాబేలే అయ్యుండాలి.

నీతి: వరద ఏ పార్టీలోనూ చేరలేదు, అందుకే దాని తరఫున మాట్లాడినోడికి ఓట్లు పడవు.