బంగారం కరిగిన ఆదివారం

కెమిస్ట్రీ మాస్టారికి పామంటే భయం లేదు, హెడ్మాస్టరంటే భయం లేదు. భయమల్లా పెయింటు డబ్బా అంటేనే.

మేడ మీద బాల్కనీ ఇనుప రెయిలింగు తుప్పు పట్టింది. గీకి రంగు వెయ్యమని ఇల్లాలు పోరుతోంది. వేస్తే ఆదివారం మధ్యాహ్నం కునుకు గోవిందా! అందుకని మాస్టారు ఓ ఉపాయం పన్నాడు.

"మా అమ్మకి పెయింటు వాసన పడదోయ్, ఆయాసం వస్తుంది. ఆవిడతో అనకు, తనవల్లే పని ఆగిందని నొచ్చుకుంటుంది," అని భార్య చెవిలో ఊదాడు.

"నీ కోడలికి ఆ వాసన తగిలితే తలనొప్పమ్మా. దానితో అనకు, చిన్నబుచ్చుకుంటుంది," అని తల్లి చెవిలో ఊదాడు.

ఇద్దరూ మంచివాళ్లు. ఒకరి కోసం ఒకరు నోరు మెదపలేదు. మాస్టారు హాయిగా గుర్రుపెట్టాడు.

"మిగతా పనులకి నువ్వెంత సాధించినా నాకు చీమ కుట్టినట్టయినా ఉండదు. నేను బంగారాన్నోయ్! బంగారం దేనితోనూ చర్య జరపదు," అని భార్య దగ్గర గొప్పలు పోయేవాడు.

"అవునండీ, పనితో అసలే జరపదు."

ఓ ఆదివారం పెద్దావిడ రెయిలింగుకి ఆనుకుని కూరల బండిని పిలవబోయింది. కడ్డీ పుటుక్కున విరిగి చేతిలోకొచ్చింది. పక్కనే బట్టలారేస్తున్న కోడలు చటుక్కున నడుం పట్టి లాగింది కాబట్టి సరిపోయింది. ఇద్దరూ వెళ్లి బట్టల బుట్ట మీద పడ్డారు.

కేక విని పరుగెత్తుకొచ్చిన మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. "అమ్మా, దెబ్బ తగిలిందా?" అంటూ చేతులూ కాళ్లూ తడిమాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకేం కాలేదురా," అని పెద్దావిడ కోడలి వైపు తిరిగింది. "పాపం, నీకు వాసన పడదని ఊరుకున్నానే అమ్మాయ్, లేకపోతే ఎప్పుడో రంగు వేయించేదాన్ని."

"నాకా? పడనిది మీకు కదా అత్తయ్యా!"

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి మాస్టారిని చూశారు.

"అది కాదూ... తుప్పు కూడా ఓ పొరేగా, లోపలి లోహాన్ని కాపాడుతుందనీ..." మాస్టారు నసిగాడు.

"కాపాడేది అల్యూమినియం మీది పొరండీ. ఇనుప తుప్పు పెచ్చులూడుతుంది, లోపలికి గాలీ తేమా దూరుతూనే ఉంటాయి. ట్యూషన్ పిల్లలకి మీరు అరిచి చెప్పే పాఠం వంటింట్లోకి వినపడదనుకున్నారా?"

మాస్టారికి ఆ పాఠంలో మిగతా ముక్క గుర్తొచ్చింది. బంగారాన్ని ఈ ఆమ్లం ఒక్కటే ఏమీ చేయలేదు, ఆ ఆమ్లం ఒక్కటే ఏమీ చేయలేదు. రెండూ కలిస్తే మాత్రం నిలువునా కరిగిపోతుంది. ఇన్నాళ్లూ వేరువేరు సీసాల్లో దాచిన రెండూ ఇప్పుడు ఒకే గిన్నెలో పడ్డాయి.

సాయంత్రానికల్లా వెల్డింగ్ అతను కడ్డీ అతికించి వెళ్లాడు. మరుసటి ఆదివారం సరిగ్గా కునుకు వేళకి మాస్టారు గరుకు కాగితం పట్టి తుప్పంతా గీకాడు. ప్రతి కడ్డీనీ గట్టిగా ఊపి చూశాడు. పెయింటు డబ్బా మూత తీశాడో లేదో, తుమ్ములు మొదలయ్యాయి.

"నిజంగానే నాకీ వాసన పడదోయ్! తల తిరిగిపోతోంది!"

"ఊరుకోండి. బంగారం దేనితోనూ చర్య జరపదు కదా," అంటూనే ఇల్లాలు తడిగుడ్డ తెచ్చి ఆయన ముక్కుకి కట్టింది.

పెద్దావిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"రెండో పూత కూడా వెయ్యి నాన్నా. మీ ఆవిడకి తలనొప్పి రాదట, కనుక్కున్నాను."