పనిచెయ్యని మిషను

ఆ ఉదయం ఆకాశం ఉరుముతోందే గాని చుక్క రాల్చడం లేదు. దర్జీ భార్యకూ ఆకాశానికీ తేడా అదే. ఆవిడ ఉరిమిందంటే కురవకుండా ఆగదు.

పన్నెండేళ్లుగా దర్జీకి ఉరుము కూడా వినపడేది కాదు. వేసవిలో డాక్టరు ఆపరేషను చేసి లోపల చిన్న యంత్రం అమర్చాడు. పైన అయస్కాంతంతో తలకు అతుక్కునే బిళ్ల, చెవి వెనక తగిలించుకునే మిషను ఇచ్చాడు. మొదట్లో భార్య గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లలా వినిపించింది. నెల తిరిగేసరికి మాటలు తెలిశాయి. డాక్టరు చెవికి మిషను పెడితే, ఆవిడ చెవినిల్లు కట్టుకుంది. పన్నెండేళ్ల మాటలు నిలవున్నాయి మరి.

అన్నిట్లోకీ పెద్దది కప్పు సంగతి. కుట్టు గది కారుతోంది, నిచ్చెనెక్కి రేకు మార్చమంటుంది. మూడో మెట్టు మీదే దర్జీకి కాళ్లు వణుకుతాయి. అది చెప్పుకోవడం నామోషీ. అందుకని కప్పు మాటెత్తగానే చెవి చూపించి, "బ్యాటరీ అయిపోయింది" అనేవాడు. భోజనానికి పిలిస్తే ఆ బ్యాటరీకి దానంతటదే ప్రాణం వచ్చేది.

ఆ రోజూ అదే చెప్పి కుట్టు మిషను తొక్కుకుంటున్నాడు. వీధిలో పాత సామాన్ల బండివాడు కేకేశాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి నెమ్మదిగానే చెప్పింది.

"పనిచెయ్యని మిషను ఒకటుంది, పట్టుకుపో."

దర్జీ కాలు ఆగింది. అది వాళ్ల నాన్న తొక్కిన మిషను. వినపడనివాడు అడ్డుపడకూడదు. అడ్డుపడకపోతే మిషను దక్కదు. బండివాడి చెప్పులు గుమ్మం దగ్గర చప్పుడయ్యేసరికి రెండు చేతులా దాన్ని కావలించుకున్నాడు.

"పనిచెయ్యదని ఎవరన్నారు?"

"నేనే అన్నాను. కుట్టు మిషను కాదు లెండి, మీ చెవి మిషను."

బండివాడు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ ఏది తీసుకెళ్లమంటారమ్మా?"

"ఏదీ వద్దు నాయనా. రెండూ పనిచేస్తున్నాయట."

అతను వెళ్లాక, ఎప్పట్నించి తెలుసని దర్జీ నేలచూపులు చూస్తూ అడిగాడు.

"మొదట్నించీ. పనిచేసినంతసేపూ వెనక పచ్చ లైటు మినుకుమంటుందని డాక్టరు నాకు చెప్పాడు. మీ చెవి వెనకది మీకెలా కనపడుతుంది?" కాస్త ఆగి అంది. "నిచ్చెన భయం సంగతి పెళ్లయిన ఏడాదే తెలుసు. ఒక్క మాట చెబితే నేనెక్కనూ?"

ఆవిడే ఎక్కింది. దర్జీ కింద నిచ్చెన పట్టుకున్నాడు. రేకు బిగించి ఆవిడ దిగేసరికి ఆకాశం ఉరమడం కూడా మానేసింది.

మధ్యాహ్నం ఎదురెదురుగా భోజనానికి కూర్చున్నారు. ఆవిడ పెదవి విప్పలేదు. ఇన్నాళ్లూ కోరుకున్న నిశ్శబ్దం దొరికింది గాని, నాలుగు ముద్దలకే దర్జీకి బెంగ పట్టుకుంది. ఎడమ చేత్తో చెవి వెనక తడుముకున్నాడు. తల పక్కకు తిప్పి ఆవిడకు చూపించాడు.

ఆవిడ చూసింది. వెలుగుతోందన్నట్టు తలూపి, తినడంలో పడింది.