లామోంట్ ప్రూయెట్ సొంతూరి తగ్గింపు

మా ఊళ్ళో త్యాగం ఏటా జూన్ ముప్పయ్యో తేదీ సాయంత్రం ఆరు గంటలకు మొదలవుతుంది. అంతకు ఒక్క నిమిషం ముందు వరకు ఎవరూ ఎవరినీ ఏదీ వదులుకోమని అడగరు. ఆరు కాగానే, ఒప్పందం ముగిసిన బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకు తమకు నచ్చిన జట్టుతో జీతం మాట్లాడుకునే హక్కు వస్తుంది. అదే క్షణంలో, ఆ హక్కును వాడుకోవద్దని వాళ్ళకు నచ్చజెప్పే హక్కు అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న మా నాలుగు లక్షల మందికీ వస్తుంది. (ఈ రెండో హక్కుకు ఎత్తుతో పనిలేదు.)

ఈసారి వంతు లామోంట్ ప్రూయెట్‌ది. మా జట్టు స్టీమర్స్‌లో బుట్ట కింద నిలబడి ఆడేది అతనే. పంతొమ్మిదేళ్ళ వయసులో, అతన్నెవరూ అడగకుండానే, లాటరీ పద్ధతిలో ఈ జట్టుకు కేటాయించారు. అదృష్టం కొద్దీ అది సొంత ఊరే అయింది. తొమ్మిదేళ్ళు ఆడాడు. ఎడమ మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ జరిగింది. డాక్టర్లు ఇంకో నాలుగేళ్ళు అన్నారు, అదీ తటపటాయిస్తూనే. కనుక తన జీతం గురించి తాను నోరు విప్పే అవకాశం అతనికి మొదటిదీ ఇదే, చివరిదీ ఇదే. నిబంధనల ప్రకారం అందరికంటే ఎక్కువ ఇవ్వగలిగింది కూడా మా జట్టే. అతనికి ఉన్న కోరిక చిన్నది. రెండో తరగతి చదువుతున్న కూతురు బడి మారకూడదు. ఆదివారం భోజనం తల్లి ఎర్నస్టీన్ ఇంట్లో చెయ్యాలి. ఊరు వదలనని నలుగురి ముందూ చెప్పేశాడు.

ఇటువంటి మాటను ఊరు వృథా పోనివ్వదు. జట్టులో అందరి జీతాలకూ కలిపి ఒక పరిమితి ఉంటుంది. లామోంట్ తక్కువ తీసుకుంటే, మిగిలిన దానితో ఇంకో పొడుగు మనిషిని తేవచ్చు, కప్పు గెలవచ్చు. ఈ మహత్కార్యం కోసం నగర మండలి ‘స్వచ్ఛంద వేతన పరిత్యాగ ప్రోత్సాహక సంఘం’ ఏర్పాటు చేసింది. అధ్యక్షుడు కార్ల షోరూం యజమాని రస్ హాల్వర్సన్. సంఘం ముందుగా ఒక ఫారం అచ్చు వేయించింది. నాలుగో గడిలో, లామోంట్ ఏటా ఎంత వదులుకోవాలో రాయాలి. ఐదో గడిలో, దరఖాస్తుదారు ఈ ఊరి కోసం ఇప్పటివరకు తాను వదులుకున్నది రాయాలి (తప్పనిసరి కాదు). ముప్పై ఒక్క వేల ఫారాలు వచ్చాయి. నాలుగో గడి సగటు కోటీ పది లక్షల డాలర్లు. ఐదో గడి అన్నిట్లోనూ ఖాళీ. ఒకాయన మాత్రం ‘సిగరెట్లు’ అని రాసి, మళ్ళీ కొట్టేశాడు.

జట్టు యజమాని ఆల్డర్‌గేట్ గారికి కూడా ఫారం పంపుతారా అని సమావేశంలో ఒక టీచరు అడిగింది. ఆయన ఆటగాడు కాడు గనుక త్యాగం చేసే అర్హత ఆయనకు లేదని హాల్వర్సన్ విచారంగా వివరించాడు. పోనీ, టిక్కెట్టు ధర తగ్గుతుందా అని ఆవిడ మళ్ళీ అడిగింది. జీతాలకూ టిక్కెట్లకూ జీతాలు పెరిగినప్పుడే సంబంధం ఉంటుందని, తగ్గినప్పుడు అవి వేర్వేరు శాఖలని జవాబు వచ్చింది. సమావేశం రికార్డులో ఆ టీచరు ‘అంతరాయం’ అని నమోదైంది.

లామోంట్ ఫోన్ ఎత్తడం మానేశాడు. దాంతో ఊరు అతని తల్లి మీద పడింది. మేముండేది ఆమె ఎదురింట్లోనే కాబట్టి వచ్చేపోయేవాళ్ళంతా కనిపించేవారు. ఎర్నస్టీన్ ఇరవై ఆరేళ్ళు స్కూలు క్యాంటీన్‌లో వండి రిటైరైన మనిషి. కొడుకు కొనిస్తానన్న పెద్ద ఇల్లు తుడవడం ఎవరివల్ల అవుతుందని పాత ఇంట్లోనే ఉండిపోయింది. పళ్ళ డాక్టరు ఆమె నోరు తెరిపించి, దూది కుక్కి, ఆ తర్వాత విశ్వాసం గొప్పతనం గురించి మాట్లాడాడు. పాస్టర్ ఇంటికే వచ్చి, సిస్టర్ ప్రూయెట్, ధనాశ మంచిది కాదన్నాడు. ఆమె వెంటనే ఒప్పుకుంది. కొడుకు చర్చికి ఇచ్చే పదో వంతు కూడా ఆ మేరకు తగ్గుతుంది కాబోలని మాత్రం అంది. ఆ ఆదివారం ప్రసంగం కష్టానికి తగిన కూలి అనే అంశం మీద సాగింది.

జులై రెండో శనివారం ఆమె ఇంట్లో వేడినీళ్ళు ఆగిపోయాయి. ప్లంబర్ గస్ వోజిక్ వచ్చాడు. నేను కింది గదిలో టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను.

“మీవాడికి మీరైనా చెప్పండి, మిస్ ఎర్నస్టీన్,” అన్నాడు గస్ గొట్టం విప్పుతూ. “బంతి తీసుకెళ్ళి బుట్టలో వేసినందుకు అంత డబ్బా? అసలు మనిషికి ఎంత కావాలండీ?”

“నేనూ అదే అనుకుంటున్నా గస్. ఈ హీటరు మార్చడానికి నీకెంత కావాలి?”

“పంతొమ్మిది వందలు. సెలవురోజు కదా, ఇంకో మూడొందలు.”

“పుట్టింది ఈ ఊళ్ళోనే. ఊరంటే ప్రాణమంటావు. పదిహేనొందలకి చెయ్యకూడదూ?”

గస్ పానా కింద పెట్టాడు. ఈవిడకి ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు నా వైపు చూశాడు.

“ఇది నా బతుకుతెరువండీ,” అన్నాడు. “ఆట కాదు.”

ఆమె ఇరవై రెండు వందలూ లెక్కపెట్టి ఇచ్చింది. అతను వెళ్ళబోతూ, లామోంట్ సంతకం ఉన్న బంతి ఒకటి ఊరికే దొరుకుతుందా అని అడిగాడు.

మర్నాడు లామోంట్ వచ్చాడు. ఎర్నస్టీనూ నేనూ ఆమె వరండాలో చిక్కుళ్ళు తుంచుతున్నాం. అతను మెట్టు మీద కూర్చుని మోకాలి మీద ఐసుముక్కల సంచి పెట్టుకున్నాడు. కూతురు పేవ్‌మెంటు మీద రంగు సుద్దలతో ఇల్లు గీస్తోంది.

“జనరల్ మేనేజర్ రీన్‌హార్ట్ స్వయంగా మాట్లాడాడమ్మా. తక్కువకి ఒప్పుకుంటే, ఆట మానేసేదాకా నువ్విక్కడే అన్నాడు.”

“కాగితం మీద రాశాడా?”

“రాతకోతలు నమ్మకం లేనిచోట అన్నాడు. మనమంతా ఒక కుటుంబం అన్నాడు.”

“మా క్యాంటీన్‌లో ఆ మాట మూడుసార్లు విన్నాను,” అంది ఎర్నస్టీన్. “విన్న ప్రతిసారీ శుక్రవారానికల్లా ఒకళ్ళని తీసేశారు.”

“ఇది వేరే అమ్మా.”

“వేరే. మమ్మల్ని తక్కువ తీసుకోమని వాళ్ళు బతిమాలలేదు. తక్కువే ఇచ్చారు.”

లామోంట్ నవ్వాడు. కానీ కళ్ళు కూతురు గీస్తున్న ఇంటి మీదే ఉన్నాయి. రెండు రోజుల తర్వాత సంతకం పెట్టాడు. సంఘం తేల్చిన సగటు కంటే ఓ లక్ష ఎక్కువే వదులుకున్నాడు. మేయర్ ఆ రోజును ‘కృతజ్ఞతా దినం’గా ప్రకటించాడు. (ఆఫీసులకు సెలవు లేదు.)

మిగిలిన సొమ్ముతో అన్నట్టుగానే ఇంకో పొడుగు మనిషిని తెచ్చారు. అతను పూర్తి జీతం అడిగాడు, ఇచ్చారు. అతన్ని తగ్గించుకోమని ఎందుకు అడగలేదంటే, అతనికి ఈ ఊరంటే ప్రేమ లేదట. సంఘం నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది: కోత ప్రేమను బట్టి వెయ్యాలి, ప్రేమ లేనివారికి మార్కెట్ రేటు చెల్లించాలి. ఎవరికీ ఇందులో వింత కనిపించలేదు. మాలో చాలామంది సంసారాలు కూడా ఈ నియమం మీదే నడుస్తున్నాయి.

జట్లు తమ ఆటగాళ్ళను, వాళ్ళనడగకుండానే, ఇచ్చిపుచ్చుకునే గడువు ఫిబ్రవరిలో ముగుస్తుంది. దానికి గంట ముందు లామోంట్‌ను పసిఫిక్ తీరంలోని ఒక జట్టుకు ఇచ్చేశారు. అప్పుడతను కూతుర్ని బడి నుంచి తీసుకురావడానికి కార్ల వరుసలో ఉన్నాడు. కబురు ఫోన్‌లో వచ్చింది. రాత్రి విమానానికి బయల్దేరమన్నారు. బడి సంవత్సరం మధ్యలో పిల్లను ఎక్కడ చేర్చాలో మాత్రం చెప్పలేదు, అది ఒప్పందంలో లేదు.

మర్నాడు ఉదయం ఎర్నస్టీన్ తన వంటింట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్ బల్ల మీద పెట్టి, రీన్‌హార్ట్‌కు చేసింది. ఆయన మర్యాదస్తుడు, వెంటనే ఎత్తాడు. మనవరాలి గురించి బాధపడ్డాడు. కుటుంబం అనే మాట రెండుసార్లు వాడాడు. ఆమె అంతా విని, ఒక్క మాట అడిగింది.

“జట్టులో పదిహేను మంది ఉన్నారు కదా. మావాడే ఎందుకు?”

“తక్కువ జీతం కదా, మిసెస్ ప్రూయెట్, అందుకే మిగతా జట్లన్నీ అతన్నే అడిగాయి,” అన్నాడాయన ఓపిగ్గా. “పూర్తి జీతం అడిగి ఉంటే ఆ మోకాలిని ఎవరు తీసుకునేవారు చెప్పండి? మా దగ్గరే ఉండిపోయేవాడు.”